గేటమ్మ పట్టుకున్న ఆలస్యం

మా పెద్దమ్మను పాత బస్సు డ్రైవర్లు ఇప్పటికీ గేటమ్మ అనే పిలుస్తారు. మా అమ్మకు అక్క. ఇరవై రెండేళ్ళు బస్సు డిపో గేటు పక్కన, కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోని చిన్న గదిలో కూర్చుని, బయటికి వెళ్ళే ప్రతి బస్సుకూ లోపలికి వచ్చే ప్రతి బస్సుకూ టైము రాసింది. కిటికీకి అద్దం ఉండేది కాదు. వాన వస్తే రిజిస్టరును ఒళ్ళోకి లాక్కుని, తను తడుస్తూ రాసేది. సెలవుల్లో అక్కడికి వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరు చూశాను. ఒక్క కొట్టివేత ఉండేది కాదు.

అక్కడ పనిచేసిన రోజుల్లో ఆవిడ చేసిన ఘనకార్యం ఒకటి మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ఒక డ్రైవరు రోజూ సాయంత్రం పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాడని పైవాళ్ళు మెమో ఇచ్చారు. దారిలో టీ కోసం ఆపుతున్నాడని అందరూ తేల్చేశారు. అతను ఒట్టు పెట్టుకున్నా ఎవరూ నమ్మలేదు. పెద్దమ్మ మాత్రం దారి మధ్యలో ఉన్న రెండు స్టాపుల టైము చీటీలు నెలరోజులవి తెప్పించుకుని, పక్కపక్కన పెట్టి చూసింది. మార్కెట్ స్టాపు దాకా బస్సు టైముకే వస్తోంది. అక్కడి నుంచి వంతెన స్టాపు చేరేలోపే పన్నెండు నిమిషాలూ పోతున్నాయి. వెళ్ళి చూస్తే అది బడి వదిలే వేళ, పిల్లలంతా ఆ రోడ్డే దాటుతున్నారు. బస్సును పావుగంట ముందు బయల్దేరదీస్తే సరిపోయింది. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ డ్రైవరు రిటైరయ్యేదాకా గేటు దాటేటప్పుడు ఆవిడ గది వైపు చెయ్యెత్తి దండం పెట్టి మరీ వెళ్ళాడు.

తర్వాత బస్సుల్లోనే మెషీన్లు బిగించారు. ఏ బస్సు ఎక్కడుందో వాటికవే చెప్పేస్తున్నాయి. గేటు గది ఎత్తేశారు. అప్పటికి పెద్దమ్మకు యాభై ఒకటి.

"ఇంక హాయిగా ఇంట్లో కూర్చో" అన్నారు అందరూ, పెదనాన్న తప్ప. ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. మనిషి బంగారం, కానీ ఆయనకూ గడియారానికీ చుక్కెదురు. తన పెళ్ళికే ముప్పావుగంట ఆలస్యంగా వచ్చిన మనిషి. ఆ మాట ఎవరన్నా అంటే పెద్దమ్మ ఊరుకోదు. "ముప్పావుగంట కాదు, నలభై ఏడు నిమిషాలు" అని సరిచేస్తుంది.

"నువ్వింట్లో ఉంటే నేను స్నానానికి ఎన్ని నిమిషాలు తీసుకున్నానో కూడా రాస్తావు. నా మాట విని ఏదైనా పని చూసుకోవే తల్లీ" అన్నాడాయన.

ఆవిడ రోజూ లైబ్రరీకి వెళ్ళి అక్కడి కంప్యూటరు మీద ఆరు నెలలు నేర్చుకుంది. ఆ తర్వాత ఏం చేసిందో నాకు ఒక సోమవారం పొద్దున తెలిసింది. నేను ఆఫీసులో టీ కప్పు పట్టుకుని నా సీటుకు వెళ్తుంటే, ఫోన్ల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మా పెద్దమ్మ కూర్చుని ఉంది.

"ఏమే, దెయ్యాన్ని చూసినట్టు ఆగిపోయావు?"

"నువ్వు ఇక్కడేంటి పెద్దమ్మా?"

"ఉద్యోగం. ఇంటర్వ్యూకి వచ్చా, తీసుకున్నారు. నీ పేరు ఎక్కడా వాడలేదులే, కంగారు పడకు."

మా కంపెనీ పని ఇదీ: షాపులవాళ్ళ తరఫున వాళ్ళ కస్టమర్లకు ఆఫర్ల మెయిళ్ళు పంపడం. నేను ఆ పంపే మెషీన్ల సంగతి చూసే ఇంజినీరును. పెద్దమ్మ ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే మనిషి. నేను సిగ్గుపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే ఆ సిగ్గును తలుచుకుంటేనే సిగ్గేస్తోంది. నేను పెద్దమ్మా అని పిలవడం విని వారంలోపే ఆఫీసంతా ఆవిడను పెద్దమ్మగారూ అనడం మొదలుపెట్టింది. నేను మాత్రం మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ బాక్సు తెరిచే వేళకు ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

అప్పట్లో నా కాళ్ళు నేల మీద లేవు. నలభై వేల మెయిళ్ళు పంపడానికి గంట పట్టేది. ఆ పనిని నేను నాలుగు నిమిషాలకు కుదించాను. మేనేజరు అందరినీ పిలిచి, నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఫోన్ల గది గుమ్మంలోంచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దమ్మే.

రెండు నెలలు గడిచాయి. మా కస్టమర్లలో పిల్లల చెప్పుల షాపులు పదకొండు నడిపే ఒకావిడ ఉంది. శనివారాల్లో ఆవిడ షాపుల్లో ఆఫరు. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకానే. ఆ కబురు మోసే మెయిలు తొమ్మిదింటికి వెళ్ళాలి. కొందరికి సరిగ్గానే అందుతోంది. చాలామందికి మధ్యాహ్నం పన్నెండు దాటాక అందుతోంది. వాళ్ళు పిల్లల్ని తీసుకుని పరుగున వెళ్ళేసరికి ఆఫరు బోర్డు తీసేసి ఉంటోంది. షాపుల్లో గొడవలు. ఆ షాపులావిడ మేనేజరుకు ఫోన్ చేసి, బుధవారం మూడింటికి స్వయంగా వస్తాననీ, సరైన జవాబు లేకపోతే ఇంకో కంపెనీని చూసుకుంటాననీ చెప్పేసింది.

మేనేజరు నన్ను అడిగాడు. నేను నా తెర చూపించాను. నలభై వేల మెయిళ్ళకూ పక్కన పచ్చ టిక్కులు. అన్నీ తొమ్మిదీ నాలుగు నిమిషాలలోపే.

"మన వైపు అంతా శుభ్రంగా ఉందండి. ఆలస్యమంతా అవతల జనాల మెయిల్ పెట్టెలు నడిపే కంపెనీల దగ్గరే" అన్నాను.

"అయితే అదే చెప్దాం" అన్నాడు మేనేజరు, గట్టిగా ఊపిరి వదిలి.

ఫోన్ల గదిలో ఆ తిట్లన్నీ వింటున్నది పెద్దమ్మ. "క్షమించండి, సరిచూస్తాం" అని చెప్పి పెట్టెయ్యమని ఆవిడకు ఇచ్చిన కాగితంలో రాసి ఉంది. కానీ రోజుకు పదిసార్లు ఒకే ఫిర్యాదు వినే మనిషి, అందులోనూ ఆలస్యాలతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి, పెట్టేసి ఊరుకుంటుందా? నా దగ్గరకొచ్చి అడిగింది.

"అమ్మాయ్, మెయిలు దారిలో ఎక్కడెక్కడ ఆగిందో ఎవరైనా రాస్తారా?"

"మెషీన్లే రాస్తాయి పెద్దమ్మా. ప్రతి మెయిలుకీ కనపడని తలకట్టు ఒకటుంటుంది. చేతులు మారినప్పుడల్లా ఆ మెషీన్ తన టైము అందులో వేస్తుంది. కింది నుంచి పైకి చదవాలి" అన్నాను, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే.

ఆవిడకు అంతకంటే ఏం కావాలి? ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ఆ తలకట్టు పంపమని అడగడం మొదలుపెట్టింది. నేను అటుగా వెళ్తూ ఒకసారి నిలబడి విన్నాను. అవతల ఎవరో తాతగారు. ఆరేళ్ళ మనవరాలిని షాపుకు తీసుకెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చారట. స్పీకరులో ఆయన గొంతు గదంతా వినిపిస్తోంది.

"వచ్చిందమ్మా మీ మెయిలు, వచ్చింది. ఆఫరు బోర్డు పీకేసే టైముకి!"

"అందుకేనండి అడుగుతున్నా. ఆ మెయిలు తెరవండి. కుడిపక్క పైన మూడు చుక్కలుంటాయి."

"కళ్ళజోడు లేకపోతే నాకన్నీ చుక్కలే."

"అయితే పెట్టుకోండి. నేను లైన్లోనే ఉంటాను."

ఆయన ఇల్లంతా వెతికి కళ్ళజోడు తెచ్చుకున్నాడు. చుక్కలు నొక్కి, ఆవిడ చెప్పిన వరుస తెరిచాడు. "ఇవేంటమ్మా ఇన్ని అంకెలు! వైరస్సేమైనా తగులుకుందా?"

"లేదండీ, మీ మెయిలు నడిచొచ్చిన దారి అది. అది నాకు పంపించండి చాలు."

పద్దెనిమిది నిమిషాలు పట్టింది ఆ ఒక్క ఫోనుకు. మేనేజరు గుమ్మంలో నిలబడి గడియారం చూపించాడు. ఆవిడ కూడా గడియారం చూసి, తలూపి, మాట్లాడుతూనే ఉంది.

మొదటి తలకట్టు చదివిన రోజు నవ్వులపాలైంది కూడా. నోట్‌బుక్ పట్టుకుని నా సీటు దగ్గరకొచ్చి, "తొమ్మిదింటికి పంపిన మెయిలు ఏడూ పదిహేనుకే చేరిందట! మా డిపోలో ఎంత మొండి డ్రైవరైనా ఈ స్పీడు కొట్టలేదే" అంది.

నేను గట్టిగా నవ్వేశాను. చుట్టుపక్కలవాళ్ళూ నవ్వారు. "ఆ మెషీన్ వేరే దేశంలో ఉంది పెద్దమ్మా. దాని గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. టైము చివర చిన్న అంకె ఉంటుంది చూడు, దాన్ని బట్టి మన టైముకి మార్చుకోవాలి."

ఆవిడ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. తర్వాత నా కుర్చీ పక్కకు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంకోసారి చెప్పు, రాసుకుంటా" అంది. అన్ని టైములనూ మన గడియారానికి మార్చి, మొదటి నుంచీ మళ్ళీ రాసింది.

బుధవారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద టిఫిన్ బాక్సు పెట్టుకుని, పెద్దమ్మ నన్ను పిలిపించింది.

"ఇవి పదకొండు మెయిళ్ళు. మూడు టైముకే చేరాయి. ఎనిమిది ఆలస్యం. ఆ ఎనిమిదీ ఒకే మెయిల్ కంపెనీవాళ్ళవి. చివర్న చేరిన టైములు చదువు."

చదివాను. పదీ నలభై ఐదు. పదీ నలభై ఆరు. పన్నెండూ నలభై ఐదు. మళ్ళీ పన్నెండూ నలభై ఐదు. పన్నెండూ నలభై ఏడు. ఇంకో రెండు కూడా ఆ దరిదాపుల్లోనే. ఆఖరుది సాయంత్రం నాలుగూ నలభై ఐదు.

"ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సులైతే ఒక్కోటి ఒక్కో టైముకి వస్తాయి" అంది పెద్దమ్మ. "ఇవి అలా లేవు. మూడు టైములు పట్టుకునే వచ్చాయి. ఇది ఇరుక్కోవడం కాదే. ఎవరో టైమ్‌టేబుల్ వేసి నడిపినట్టుంది. పైగా ఎనిమిదీ బయల్దేరకముందే ఆగాయి. అవతలివాళ్ళ చేతికి వెళ్ళకముందు, గంటల తరబడి మన మెషీన్ దగ్గరే ఉన్నాయి. ఎవరిదే ఆ టైమ్‌టేబుల్?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. అవతలి గుమ్మం దగ్గర మెయిలును తీసుకోకపోతే పావుగంట ఆగి మళ్ళీ వెళ్ళాలి. అప్పుడూ కాదంటే అరగంట. తర్వాత గంట. తర్వాత రెండు గంటలు. ఆ తర్వాత నాలుగు. తొమ్మిది నుంచి కలుపుకుంటూ పోతే పదీ నలభై ఐదు, పన్నెండూ నలభై ఐదు, నాలుగూ నలభై ఐదు. ఆ నియమం రాసింది నేనే.

"నాదే పెద్దమ్మా."

ఇద్దరం నా సీటు దగ్గరకు వెళ్ళి, మా మెషీన్ తనకు తాను రాసుకునే, ఎవరూ తెరిచి చూడని చిట్టా తెరిచాం. అవతలి కంపెనీ మెషీన్ ప్రతిసారీ ఒకే మాట చెప్పింది. ఒకే నిమిషంలో ఇన్ని తేకండి, కాసేపాగి రండి. వేల మెయిళ్ళ పక్కన అదే మాట. గంటసేపు నెమ్మదిగా పంపిన రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు. నా నాలుగు నిమిషాల ఘనతే వాటిని గుమ్మంలో నిలబెట్టింది.

"మరి నీ తెర మీద ఆ పచ్చ టిక్కులు?"

"మన మెషీన్ మొదటిసారి తీసుకెళ్ళగానే పచ్చబడుతుంది."

"అంటే బస్సు గేటు దాటగానే ఊరు చేరిపోయిందని రాసేసుకున్నావన్నమాట."

చివరికి, చెప్పడానికే మొహం చెల్లని మాట అడిగాను. "పెద్దమ్మా, ఈ ఒక్కసారికి తప్పు అవతలివాళ్ళదే అందాం. సాయంత్రానికల్లా నేను సరిచేసేస్తాను. ఎవరికీ తెలీదు."

ఆవిడ నోట్‌బుక్ మూసింది. "ఆ తాతగారు నా మాట నమ్మి ఇల్లంతా కళ్ళజోడు వెతుక్కున్నాడే. ఇంతా చేసి ఆయనకి అబద్ధం చెప్పమంటావా?" అని, మెత్తగా మళ్ళీ అంది. "నేను చెప్పగలను. కానీ నేను చెప్తే నువ్వు దొరికిపోయినట్టుంటుంది. నువ్వే చెప్తే నీ పని నువ్వు సరిచేసుకున్నట్టుంటుంది. ఇంకా గంటా పది నిమిషాలుంది. ఆలోచించుకో." అని మెట్ల మలుపుకు తిరిగి వెళ్ళి, చల్లారిన అన్నం నిదానంగా తింది.

మూడింటికి చెప్పులషాపులావిడ వచ్చింది. కుర్చీ అంచున, చేతిసంచీ ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది. మేనేజరు నవ్వుతూ మొదలుపెట్టాడు. "మేం పూర్తిగా పరిశీలించామండి. మా వైపు..."

"మా వైపే తప్పండి" అన్నాను.

ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఒక్క ఊపులో చెప్పుకుపోయాను. నాలుగు నిమిషాల సంగతి, గుమ్మంలో కాదన్న సంగతి, నేను రాసిన నియమం, పచ్చ టిక్కుల మోసం. మేనేజరు ముఖంలో రంగులు మారాయి.

షాపులావిడ అంతా విని, "అంటే రెండు నెలలుగా నేను తిన్న తిట్లన్నీ మీ పుణ్యమేనన్నమాట" అంది.

"అవునండి."

"ఇప్పుడెలా తెలిసింది? మొన్నటిదాకా అంతా బాగుందన్నారుగా. ఎవరు కనిపెట్టారు?"

లేచి వెళ్ళి పెద్దమ్మను తీసుకొచ్చాను. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగానే వచ్చి నోట్‌బుక్ బల్ల మీద పెట్టింది. షాపులావిడ చేతిసంచీ కింద పెట్టి, ఒక్కో గీత మీదా వేలు పెట్టి చదివింది. పదకొండు మెయిళ్ళు, ఒక్కోదానికి నాలుగైదు మజిలీలు, ప్రతి మజిలీకీ టైము, ఎంతసేపు ఆగిందో ఆ పక్కనే. ఒక్క కొట్టివేత లేదు.

"ఇవన్నీ చేత్తోనే రాశారా?"

"చేత్తో రాస్తే తప్పు కంటికి దొరుకుతుందండి" అంది పెద్దమ్మ.

"ఇది మా మనిషి" అని నా నోట్లోంచి వచ్చేసింది. "మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క." మూడు నెలలుగా ఆ ఆఫీసులో నేను ఎవరికీ పరిచయం చెయ్యని మనిషిని, ఆ రోజు అడక్కపోయినా చేశాను.

షాపులావిడ పొగడ్తలతో కరిగిపోయే రకం కాదు. మూడు శనివారాలు చూస్తానంది. ఈలోగా తన కస్టమర్లకు నిజం చెప్తూ ఉత్తరం వెళ్ళాలంది, అది ఈవిడే రాయాలంది. పెద్దమ్మ ఏడు వాక్యాలు రాసింది. మేనేజరు అందులో "సాంకేతిక కారణాల వల్ల" అని చేర్చబోతే, "ఆ మాటకి అర్థం ఎవరికీ తెలీదండి, తీసెయ్యండి" అని తీయించింది. నాతో ఆయన వారం రోజులు ముక్తసరిగానే మాట్లాడాడు. అందులో ఆయన తప్పేం లేదు.

రెండు రోజుల్లో మెషీన్ సరిచేశాను. ఎనిమిదింటికి మొదలుపెట్టి, చిన్న చిన్న జట్లుగా, తొమ్మిదిలోపు ముగించాలి. గుమ్మంలో కాదంటే మిగతావాటి వేగం దానంతటదే తగ్గాలి. పెద్దమ్మ పట్టుబట్టి తెర మీద మూడు రంగులు పెట్టించింది. ఎరుపైతే మన దగ్గరే ఉంది, పసుపైతే గుమ్మంలో ఆపారు, పచ్చ అయితే అవతలివాళ్ళు లోపలికి తీసుకున్నారు. తీసుకున్నట్టు వాళ్ళ నోట వినేదాకా పచ్చ వెయ్యడానికి వీల్లేదంది.

శనివారం పొద్దున ఏడున్నరకే ఇద్దరం ఆఫీసులో ఉన్నాం. ఎనిమిదింటికి తెరంతా ఎర్రగా ఉంది. తర్వాత ఒక అంచు నుంచి పచ్చబడుతూ వచ్చింది. మధ్యలో అక్కడక్కడా పసుపు కనిపిస్తే కుర్చీ తెరకు ఇంకాస్త దగ్గరికి లాక్కునేదాన్ని. అది నిమిషాల్లో పచ్చబడిపోయేది. తొమ్మిదింటికి పసుపులో మిగిలినవి నూటపద్నాలుగు. నలభై వేలలో! నేను ఎగిరి గంతేశాను. పెద్దమ్మ మాత్రం ఆ సంఖ్య నోట్‌బుక్‌లో రాసుకుని, ఫోన్ తీసి తాతగారికి కలిపింది.

"అయ్యా, ఈరోజు మెయిలు..."

"ఎనిమిదీ ఇరవైకే వచ్చిందమ్మా! మనవరాలు గుమ్మంలో వట్టి కాళ్ళతో నిలబడి నన్ను లాగుతోంది. నువ్వు ఫోన్ పెట్టెయ్యి, నీ వల్ల ఆలస్యమయ్యేలా ఉంది."

పెద్దమ్మ ఫోన్ పెట్టి నవ్వింది. ఆవిడ అంతసేపు నవ్వడం నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరి అందక, బల్ల పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

మూడు శనివారాలు గడిచాయి, షాపులావిడ మాతోనే ఉండిపోయింది. మేనేజరు ఫోన్ల గది పక్కనే పెద్దమ్మకు వేరే బల్ల వేయించాడు. కొత్తగా చేరిన ఇంజినీర్లు ముందు ఆవిడ దగ్గర వారం కూర్చోవాలి. వాళ్ళ చేత పది తలకట్లు చేత్తో రాయించి, దేశదేశాల గడియారాలు సరిచేయించి, ఆలస్యం ఎక్కడ పుట్టిందో చెప్పేదాకా వదలదు. ఎవరైనా మొదటి రోజే తేల్చేస్తే, "సరే, ఇప్పుడు అది నీ తప్పు కాదని కూడా చూపించు" అంటుంది. అక్కడ అందరూ నీళ్ళు నములుతారు. నేనెలా నమిలానో వాళ్ళకు నేనే చెప్తాను.

ఆవిడకు విజిటింగ్ కార్డు వేయించేటప్పుడు హోదా ఏమని రాయాలో ఎవరికీ తోచలేదు. మేనేజరు నాలుగు పెద్ద పెద్ద పేర్లు చెప్పాడు. పెద్దమ్మ అన్నీ విని, "మెయిలు ఎక్కడ ఆగిందో చెప్పే మనిషి, అని వెయ్యండి చాలు" అంది. అలాగే వేశారు.

పెదనాన్న ఆ కార్డుల్లో సగం స్టూడియోకు పట్టుకుపోయాడు. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ళకు కవరులో ఫోటోలతోపాటు ఒక కార్డూ పెట్టి, "మా ఆవిడ" అని మాత్రం చెప్పి పంపిస్తున్నాడు. మొన్న ఎవరో తెలియనావిడ ఆ కార్డు చూసి పెద్దమ్మకే ఫోన్ చేసిందట. తన పార్సిలు పది రోజులుగా రాలేదు, ఎక్కడ ఆగిందో చెప్పగలరా అని.

"పార్సిళ్ళు నా పని కాదండి" అంది పెద్దమ్మ. అంటూనే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పింది. "అయినా సరే, రసీదు మీద మొట్టమొదటి టైము ఏముందో చదవండి."